నాయిన తెచ్చిన బీరుతో ఫాండ్యూ

"పొడుగు ఫోర్కులు దొరికినయే సునీ, వచ్చి తీస్కపో" అని కృప చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కూరగాయల బండి దగ్గర బెండకాయల తోకలు విరిచి చూస్తున్నాను. ఆ మాట చెవిన పడగానే సగం ఏరిన బెండకాయలు బండి మీదే వదిలేసి ఆటో ఎక్కాను. బండివాడు వెనక నుంచి ఏదో అన్నాడు. అననీ. ఆ ఫోర్కులు ఎవరో ఎత్తుకుపోయి ఉంటారని నేనెప్పుడో ఆశ వదులుకున్నాను. దూలపల్లి చేరేదాకా ఆటో డ్రైవర్‌ను జల్దీ జల్దీ అని సతాయిస్తూనే ఉన్నాను. ఆస్పత్రికా అమ్మా అని అడిగాడు పాపం. ఫోర్కుల కోసం అని చెప్తే నవ్వుతాడని అవునన్నాను.

దూలపల్లిలో చిన్నమ్మ ఇల్లు ఖాళీ చేస్తోంది. రెండు గదులు, ముందొక వరండా, పక్కన జామచెట్టు ఉన్న ఆ చిన్న ఇంటి జాగాలో అపార్ట్‌మెంటు లేస్తుందట. అటక మీది సామానంతా వరండాలో కుప్పపోసి, దాని మధ్యన పీట వేసుకుని కూర్చుంది. నన్ను చూడగానే పాత తువ్వాలు మూట ఒకటి విప్పింది. జానెడు దాటిన కాడలు, కొసన రెండే రెండు పళ్ళు, పిడి చివర ఒక్కోదానికి ఒక్కో రంగు. నేను ముందు వెతికింది ఎర్రది. రంగు పెచ్చులు లేచిపోయింది గానీ ఎర్రదే. మా నాయిన పట్టుకున్న ఫోర్కు అది. దాన్ని చేతిలోకి తీసుకోగానే ఆ సాయంత్రపు బొగ్గుల సెగ, కరిగిన చీజు వాసన, చేదు నురుగు వాసన అన్నీ కలిసి ముక్కులోకి వచ్చాయి. చిన్నమ్మ నా మొహం చూసి నవ్వి, చాయ్ పెట్టడానికి లేచింది.

వీటి సంగతి చెప్పాలంటే ముందు మా ఇంటి పట్టింపుల సంగతి చెప్పాలి. మాది మేడ్చల్. ఇప్పుడు హైవే పక్కన ఫంక్షన్ హాళ్ళు, కార్ల షోరూములు ఉన్న జాగాల్లో అప్పట్లో ద్రాక్షతోటలుండేవి. వాటిలో ఒకటి మాది. పొద్దున లేవగానే మాకు తగిలే మొదటి వాసన మైలుతుత్తం, సున్నం కలిపి పందిళ్ళకు కొట్టే మందుది. నాయిన బట్టల నిండా అదే వాసన, గోళ్ళ కింద అదే నీలం. మాట తక్కువ మనిషి. కోపమొస్తే అరిచేవాడు కాదు, భుజం మీది తువ్వాలు తీసి, ఒకసారి దులిపి, రెండో భుజం మీద వేసుకునేవాడు. ఆ తువ్వాలు ఏ భుజం మీదుందో చూసుకుని మేం ఇంట్లో మసులుకునేవాళ్ళం. తోటకు పోయేముందు అవ్వ చేతి మజ్జిగ తాగాలి, వచ్చాక అమ్మ వేడినీళ్ళు తోడి పెట్టాలి, పొద్దుగూకాక అరుగు మీద కూర్చుని రేడియో తిప్పాలి. ఇందులో ఏది అటూ ఇటూ అయినా తువ్వాలు భుజం మారేది.

ఇక ఎంగిలి. మా ఇంట్లో అదొక పెద్ద శాస్త్రం, దానికి మా అవ్వ, అంటే నాయిన వాళ్ళమ్మ, జడ్జి. చెంబు పెదవికి తగలకుండా ఎత్తి గొంతులో పోసుకోవాలి. కూర రుచి చూడాలంటే అరచేతిలో చుక్క వేసుకుని నాకి, ఆ చెయ్యి కడుక్కుంటే తప్ప మళ్ళీ గరిట ముట్టకూడదు. అన్నం తింటున్న చేత్తో పచ్చడి జాడీ వైపు చూసినా అవ్వ కేక మేడ్చల్ స్టేషన్ దాకా వినపడేది. అదే అవ్వ సాయంత్రం కల్లు ముంత దగ్గర మాత్రం శాస్త్రం పక్కన పెట్టి, ముంత నోటికే కరిపించుకుని తాగేది. అడిగితే, కల్లు దేవతలు గూడ తాగేది, దానికి ఎంగిలి అంటదు అని తీర్పు చెప్పేది. జడ్జి మాటకు ఎదురేముంది.

చిన్నాయన నాయినకు బాగా చిన్నవాడు. తాత తొందరగా పోవడంతో నాయినే పెంచాడు. సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని బడికి దింపి, ఆ తర్వాతే తోటకు పోయేవాడట. అలాంటి తమ్ముడు, దూలపల్లిలో పైపుల ఫ్యాక్టరీలో పనిలో చేరి, రోజూ ఎక్కే బస్సులో మచ్చ బొల్లారం టీచరమ్మను చూసి, ఇష్టపడి, చర్చిలో పెళ్ళి చేసుకున్నాడు. ఆ టీచరమ్మే కృప చిన్నమ్మ. నాయిన పెళ్ళికి పోలేదు. పోట్లాడనూ లేదు. పోట్లాడి ఉంటే ఏదో ఒకరోజు తెగేది. ఆయన చేసింది దానికంటే కష్టమైన పని. తమ్ముణ్ణి చూడకుండా ఉండలేక మచ్చ బొల్లారంలో వాళ్ళ అద్దె ఇంటికి పోయేవాడు. గేటు బయట స్కూటర్ ఇంజను ఆపకుండా నిలబడి, తోట సంగతులు, బోరు సంగతులు మాట్లాడి, మంచినీళ్ళిస్తే "ఇప్పుడే తాగొచ్చిన" అని బండి తిప్పుకుని వచ్చేసేవాడు. చిన్నమ్మ వంక చూసేవాడు కాదు. ఆమెను గురించి చెప్పాల్సి వస్తే, తమ్ముడి పేరు పెట్టి "శీను ఇంటామె" అనేవాడు. ఆమె పేరు నోట రానిచ్చేవాడు కాదు.

నేను అప్పుడు సికింద్రాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. కాలేజీ అయ్యాక నేరుగా చిన్నమ్మ ఇంటికి పోవడం నాకు అలవాటైంది. అందుకే ఒక సంగతి నాకు తెలిసింది, ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. నాయిన వస్తాడని కబురున్న రోజున చిన్నమ్మ కొత్త బియ్యం వండేది. నాయినకు ఇష్టమని గంగవాయిలి కూర పప్పు, పచ్చిపులుసు చేసేది. స్కూటర్ వచ్చేది, గేటు దగ్గర బుడుబుడుమని పొగ కక్కేది, పోయేది. తర్వాత ఆ అన్నం నాకు పెట్టేది. ఒకసారి పట్టలేక, ఆయన తినడని తెలిసి ఎందుకు వండుతావని అడిగాను. "అడిగితె లేదనద్దు గద" అంది, నా కంచంలో పప్పు పోస్తూ. నాయిన మీది మంటతో నేను ఆ పప్పును అన్నంలో పిసికి పిసికి కలిపాను.

దూలపల్లిలో ఈ ఇల్లు కట్టుకున్నాక, పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసిన రోజున కూడా నాయిన రాలేదు. తర్వాతి వారం చిన్నాయన మేడ్చల్ వచ్చి, నాయిన తోటలో ఉండగా వంటింటి గడపలో కూర్చున్నాడు. మా అమ్మతో ఒకటే మాట అన్నాడు. "వదినె, వచ్చే ఆదివారం పొద్దుగూకెటాల్లకు అన్నను రమ్మను. గా గేటు కాడికెల్లి వాపస్ పోతె ఇగ నేను పిలువ. ఈడికి గూడ రాను." అమ్మ చేతిలో చాట అలాగే ఉండిపోయింది. అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. చిన్నాయన మాట మీద నిలబడే మనిషని మాకందరికీ తెలుసు. చర్చిలో పెళ్ళి చేసుకుంటానన్నప్పుడూ ఇంతే నెమ్మదిగా చెప్పాడు.

హైవే మీద ధాబాలో రోటీలు కాల్చేది ఎవరో నాయిన ఎప్పుడైనా అడిగాడా? షామీర్‌పేట చెరువు కట్ట మీద స్నేహితులతో బీరు తాగుతూ చికెన్ పకోడీ తింటాడు కదా, ఆ పకోడీ బండివాడి ఇంటిపేరు తెలుసా? ఆ రాత్రి అమ్మను నిలదీశాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "హోటల్ల తిన్నది ఆకలికి తిన్నట్టు. ఇంట్ల బువ్వ తిన్నది సుట్టరికం కలుపుకున్నట్టు. మీ నాయిన పరేషాన్ గదే" అంది. ఆ మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఇబ్బందంతా అన్నంతోనే. అన్నం కానిది, కూర కానిది, మన పెద్దవాళ్ళెవరూ పేరే విననిది పెడితే? దానికి ఇంకా ఏ పట్టింపూ పుట్టి ఉండదు కదా!

తెల్లారి కాలేజీ ఎగ్గొట్టి చిన్నమ్మ దగ్గరికి పరిగెత్తాను. నా వాదన అంతా విని ఆమె లేచి లోపలికి పోయింది. పెట్టెలోంచి ఈ ఫోర్కులు తీసింది. వాళ్ళ నాన్న చాలా ఏళ్ళు మిలిటరీ మెస్సులో వంట చేసినవాడు. ఊరు వదిలిపోతున్న ఆఫీసరు కుటుంబమొకటి ఇచ్చి పోయిన ఫోర్కులవి. చిన్నప్పుడు ఒక క్రిస్మస్‌కు ఆయన ఇంట్లో ఫాండ్యూ చేశాడట. చీజును కరిగించి కుండను మధ్యలో పెడితే, చుట్టూ కూర్చున్నవాళ్ళంతా బ్రెడ్డు ముక్క గుచ్చుకుని, ముంచుకుని తినడమే. అసలైతే వైన్ పోయాలట, అది దొరక్క వాళ్ళ నాన్న బీరు పోశాడట. నేను ఎగిరి గంతేశాను. బీరా? బీరైతే నాయినే తెస్తాడు! బ్రెడ్డు బేకరీది, చీజు డబ్బాలోది, బీరు నాయినది, ముంచుకునేది ఎవరికి వాళ్ళే. ఇందులో చిన్నమ్మ వండిందేముంది? నా తెలివికి నేనే మురిసిపోయాను. పందొమ్మిదేళ్ళప్పుడు తెలివి అలాగే పొంగుతుంది.

చిక్కేమిటంటే చిన్నమ్మకు ఆ రుచి గుర్తుంది గానీ చేసే పద్ధతి గుర్తు లేదు. వాళ్ళ నాన్న అప్పటికే పోయాడు. ముందు ఒకసారి చేసి చూద్దామనుకున్నాం. సికింద్రాబాద్ బేకరీలో చీజు డబ్బా కొనుక్కొచ్చాను. కండ్ల దవఖానకు తీసుకుపోతున్నానని నాయినకు చెప్పి అవ్వను కూడా బస్సెక్కించాను. అవ్వ అప్పటికే అడపాదడపా చిన్నమ్మ ఇంట్లో తిని, పుక్కిలించుకుని, తమలపాకు నమిలి ఇంటికి వచ్చేది. జడ్జి గారి రహస్యం అది. డబ్బా కోసి చీజు బయటికి తీస్తే అవ్వ వాసన చూసి, వేలితో నొక్కి, "గిది పాలదా, సబ్బా?" అని అడిగింది. పాలదే అంటే, ఆ పాలను ఇంతగనం సతాయించినోడెవడు అంది.

చిన్నాయన తెచ్చిన స్ట్రాంగ్ బీరు చట్టిలో పోసి పొయ్యి మీద పెట్టాం. చీజు కోరి వేశాం. ఇక్కడ నేను చేసిన పని మా ఇంటి ఆడవాళ్ళు తప్ప ప్రపంచంలో ఎవరూ చేసి ఉండరు. పాలు పొంగు రానిదే దించకూడదని మాకు పుట్టినప్పటి నుంచి నూరిపోశారు. ఇదీ పాలదే కదా, పొంగు రావాలి కదా అని మంట పెంచి, పొంగు కోసం కళ్ళప్పగించి నిలబడ్డాను. అవ్వ పక్కన నిలబడి, ఇంకా రాలే, ఇంకా రాలే అని వంత పాడింది. వచ్చిన పొంగు చూడాలి. నురుగు కక్కి పొయ్యి ఆరింది. చట్టిలో చూస్తే పైన నూనె తేలుతోంది, అడుగున రబ్బరు ముద్ద. గరిటతో లాగితే ముద్దంతా గరిటను పట్టుకుని పైకి లేచింది. చేదు సంగతి చెప్పక్కర్లేదు. ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాం. సీసాలో మిగిలిన బీరు మాత్రం అవ్వ వృథా పోనివ్వలేదు. "గిది కల్లుకు సవతి బిడ్డ" అని తేల్చి, గోడకు ఆనుకుని హాయిగా కునుకు తీసింది.

అవ్వ నిద్రపోతుంటే మేం మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి మామూలు బీరు, సన్న సెగ. చీజు కోరుకు మంచూరియాకు వాడే కార్న్‌ఫ్లోర్ పట్టించి, గుప్పెడు గుప్పెడుగా వేసి తిప్పాం. కొంచెం దారికి వచ్చింది గానీ ఇంకా గరుకుగా పలుకులున్నాయి. చిన్నమ్మ కళ్ళు మూసుకుని ఆలోచించి, "మా డాడీ చేతులు గా దినం నిమ్మకాయ వాసనొచ్చినయ్" అంది. నిమ్మకాయా? పాల వస్తువులో? నేను గరిట ఆపేశాను. నిద్ర లేచిన అవ్వ అయితే, ఇరుగుతది, పాపం తగుల్తది అని చెయ్యి అడ్డం పెట్టింది. చిన్నమ్మ ఆ చెయ్యి మెల్లగా పక్కకు జరిపి, నిమ్మచెక్క పిండింది. గరిట తిప్పుతుంటే పలుకులు ఒక్కొక్కటే సర్దుకుని, చీజు నున్నగా, పట్టులాగా జారడం మొదలుపెట్టింది. మిరియాలు, ఇంత ఆవపొడి వేసింది. బ్రెడ్డు ముక్క ముంచి నోట్లో పెట్టుకున్నాను. ఉప్పన, సన్నని చేదు, ఆవపొడి ఘాటు, వేడి. నేను వరండాలో గిరగిరా తిరిగాను. అవ్వ కూడా ఒక ముక్క తిని, ఇంకోటి అడిగి, మూడోది తనే గుచ్చుకుంది.

అంతలోనే జడ్జికి శాస్త్రం గుర్తొచ్చింది. అందరూ ఒకే కుండలో ముంచితే ఎంగిలి కదా? దానికి నా దగ్గర జవాబుంది. ఎవరి రంగు వాళ్ళది, ఫోర్కు నోటికి తగలకూడదు. ముంచిన ముక్కను వేళ్ళతో ఫోర్కు నుంచి లాగి ప్లేటులో వేసుకుని, అప్పుడు తినాలి. చెంబుతో నీళ్ళు ఎత్తి పోసుకోవడంలాంటిదే. అవ్వ ఒప్పుకుంది. ఇంటికి పోయేటప్పుడు చిన్నమ్మకు గట్టిగా చెప్పాను. ఆదివారం అన్నం వండొద్దు, పప్పు వండొద్దు. అన్నం వాసన తగిలిందంటే నాయిన గేటు దగ్గరే జాగ్రత్త పడిపోతాడు. చిన్నమ్మ సరేనని తలూపింది.

ఆదివారం. ఇప్పుడు రాస్తుంటే కూడా నా చెయ్యి తొందరపడుతోంది. వరండా కడిగి, మధ్యలో బొగ్గుల కుంపటి, దాని మీద మట్టిచట్టి పెట్టాం. తమ్ముడికి ఏం తీసుకుపోవాలని ఆ పొద్దున నాయిన అడిగితే, చిన్నాయన బీరు సీసాలు తెమ్మన్నాడని అమ్మ చెప్పింది. ఆ మాట అమ్మతో చెప్పించింది నేనే. అమ్మ, అవ్వ, నేను ముందే వచ్చేశాం. పొద్దు వాలుతుండగా స్కూటర్ చప్పుడు వినపడింది. గేటు దగ్గర ఆగింది. ఇంజను ఆగలేదు. బుడుబుడుబుడు. తువ్వాలు రెండో భుజం మీదుంది. చిన్నాయన ఎదురుపోయాడు. నాయిన డిక్కీలోంచి పేపర్లో చుట్టిన సీసాలు తీసి గేటు మీదుగా అందించాడు. చిన్నాయన వాటిని అందుకుని అలాగే నిలబడ్డాడు, లోపలికి రా అనకుండా. ఆయన మాట ఆయన వారం కిందటే చెప్పేశాడు. నాయిన హ్యాండిల్ తిప్పాడు.

నేను పరిగెత్తాను. చెప్పులు కూడా వేసుకోలేదు. "నాయినా, సీసా మూతలు ఎవలకు తీయొస్తలేవు. పొయ్యి మీద చట్టి కాలుతాంది. జర తీసిచ్చి పో" అన్నాను. నాయినకు ఒక గొప్ప ఉండేది. ఒక సీసా మూతకు ఇంకో సీసా మూత ఆనించి, చుక్క ఒలక్కుండా టక్కున లేపేవాడు. షామీర్‌పేట కట్ట మీద స్నేహితులంతా ఆ పని ఆయనకే వదిలేవారట. నా వైపు చూశాడు, వరండాలో పొగ వైపు చూశాడు. చెయ్యి కిందికి పోయి తాళంచెవి తిప్పింది. ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దం నాకు ఈరోజుకూ గుర్తుంది. చిన్నాయన గేటు బార్లా తీశాడు.

వరండాలోకి వచ్చి టక్కున మూత లేపి, బీరు తనే చట్టిలో పోశాడు. నురుగు లేస్తుంటే కుర్చీ ముందుకు జరుపుకుని వంగి చూశాడు. రైతు కదా, ఏదైనా మారుతుంటే చూడకుండా ఉండలేడు. పొంగనియ్యద్దు నాయినా అంటే, కుంపటికి విసురుతున్న విసనకర్ర ఆపి, బొగ్గులు పక్కకు నెట్టి, సెగ ఆయనే తగ్గించాడు. నేను గుప్పెడు గుప్పెడుగా చీజు వేస్తుంటే గరిట తిప్పింది చిన్నాయన. చిన్నమ్మ నిమ్మకాయ కోసి నా చేతికిచ్చి, వెనక్కి జరిగి గడపలో కూర్చుంది. చట్టిలో పసుపుపచ్చగా బుడగలు మెల్లగా విచ్చుకుంటున్నాయి. ముందు అవ్వ ముంచింది, ముక్క జారి చట్టిలో పడింది. ముక్క పోగొట్టుకున్నవాళ్ళు పాట పాడాలని చిన్నమ్మ వాళ్ళ నాన్న పెట్టిన షరతు. అవ్వ సిగ్గేమీ పడకుండా బతుకమ్మ పాట ఎత్తుకుంది. రెండోసారి కావాలనే జార్చిందని నా అనుమానం. నాయిన మీసాల కింద నవ్వాడు. నేను ఆ సందులో ఎర్ర ఫోర్కు ఆయన చేతిలో పెట్టేశాను.

ముక్క గుచ్చాడు, ముంచాడు, పైకెత్తాడు. చీజు తీగ సాగింది. ద్రాక్షతీగను పందిరికి చుట్టే చేతులవి, ఫోర్కును అలవోకగా తిప్పి ఆ తీగను చుట్టేసి, నోట్లో పెట్టుకున్నాడు. ఫోర్కుతో సహా. నమిలాడు. కళ్ళు పెద్దవయ్యాయి. ఇంకో ముక్క గుచ్చి, నోట్లోంచి వచ్చిన అదే ఫోర్కును చట్టిలోకి దించాడు. అప్పుడు ఆయనకు తెలిసింది. అవ్వ పాట ఆగింది. అమ్మ తల దించుకుంది. ఫోర్కు చట్టిలోనే ఉంది, తీయడూ, కదపడూ. మా నాయిన మొహం అంత చిన్నబోవడం నేను అంతకుముందు చూడలేదు. ఎవరి ఇంట్లో మంచినీళ్ళు ముట్టనన్నాడో ఆ ఇంటి కుండను ఎంగిలి చేసేశాడు.

చిన్నమ్మ గడపలోంచి లేచి వచ్చింది. తెల్లరంగు ఫోర్కుకు ముక్క గుచ్చి, నాయిన ఫోర్కు ఉన్న చోటే ముంచి, నోట్లో పెట్టుకుంది. తీరిగ్గా నమిలి, "ఉప్పు జర ఎక్కువైనట్టున్నది" అని నాతో అంది. అంతే. మళ్ళీ పోయి కూర్చుంది.

నాయిన ఆమెను చూశాడు. పెళ్ళైనప్పటి నుంచి మొదటిసారి, సరిగ్గా, మొహంలోకి. ఆయన చెయ్యి తువ్వాలు మీదికి పోయింది. దులుపుతాడు, భుజం మారుస్తాడు, లేస్తాడు, ఇక అయిపోయింది అనుకున్నాను. తువ్వాలు తీశాడు. మడిచి, కుర్చీ వెనక వేలాడదీశాడు. గొంతు సవరించుకున్నాడు.

"గిదంత మస్తుగనే ఉన్నది గనీ బిడ్డా, ఇంట్ల బువ్వ లేదా?"

వండొద్దని చెప్పింది నేనే కదా! ఇన్నేళ్ళుగా ఆయన వచ్చినప్పుడల్లా ఉన్న అన్నం, అడిగిన ఒక్కరోజు లేకుండా చేసిన మహా తెలివిగలదాన్ని నేను. ఏదో ఒకటి చెప్పబోయాను. చిన్నమ్మ అప్పటికే లేచి, కొంగు సర్దుకుంటోంది. "ఉన్నది బావా. పొద్దుగూకక ముందే వండిన" అంది. నాకు తలూపింది గానీ, నా మాట వినలేదు. నా జీవితంలో ఒకరు నా మాట విననందుకు అంత సంతోషపడింది ఆ ఒక్కసారే.

నాయిన లేచి కాళ్ళు చేతులు కడుక్కుని లోపలికి పోయి పీట మీద కూర్చున్నాడు. గంగవాయిలి పప్పు, పచ్చిపులుసు. తలెత్తకుండా తిన్నాడు. మారు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టలేదు. చిన్నాయన నీళ్ళ మోటరు చూస్తానని జామచెట్టు వెనక్కి పోయి చాలాసేపు రాలేదు. కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చాడు. నేనైతే దాచుకోలేదు, వరండాలో కూర్చుని బాహాటంగా ఏడ్చాను, ఏడుస్తూ చట్టి అడుగున మాడిన చీజు చెక్కను గీక్కుని తిన్నాను. దానంత రుచి మళ్ళీ ఎరగను. ఆ పక్కవారం నాయిన మళ్ళీ దూలపల్లి పోయాడు. మా తోట ద్రాక్షపళ్ళ గంప స్కూటర్ మీద ముందు పెట్టుకుని, గేటు లోపలిదాకా బండి తోసుకుపోయాడట. "కృపా, గంప అందుకో బిడ్డా" అని కేకేశాడని చిన్నమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పిన ప్రతిసారీ ఆ కేక వేసి చూపించేది.

ఇప్పుడు ఆ తోట లేదు. నాయిన, అవ్వ, చిన్నాయన లేరు. చీజు కోసం సికింద్రాబాద్ పోనక్కర్లేదు, కొంపల్లి దుకాణాల్లో గోడ నిండా రకరకాలవి పేర్చి ఉంటాయి. మా అమ్మాయి స్నేహితులు ఇంటికొచ్చి ఒకే ప్లేట్లో చేతులు పెట్టి తింటారు, ఎవరి ఇంటిపేరు ఏమిటో వాళ్ళకు పట్టదు. అది చూస్తే నాకు కడుపు నిండుతుంది. అలాగని రోజులు పూర్తిగా మారిపోయాయని నేను చెప్పను. ఇల్లు కట్టేదాకా ఉండడానికి చిన్నమ్మకు అద్దె ఫ్లాటు వెతుకుతుంటే, ఇద్దరు ఓనర్లు ఏ చర్చికి పోతారు, ఏం వండుతారు అని చల్లగా అడిగి, తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఇంజను ఆపకుండా గేటు బయట నిలబడేవాళ్ళు ఇంకా ఉన్నారు. నాకు వాళ్ళ మీద కోపం వస్తుంది, చిన్నమ్మకు రాదు. అందుకే ఆమెను మా ఇంటికే తెచ్చేసుకున్నాను.

పోయిన ఆదివారం ఆ ఫోర్కులు తోమి, మా ఇంట్లో ఫాండ్యూ చేశాను. మా అమ్మాయి, దాని స్నేహితులు బల్ల చుట్టూ మూగి, ముక్కలు జార్చుకుని, సినిమా పాటలు పాడుతున్నారు. ఒకటే గోల. నాకూ పందొమ్మిదేళ్ళ హుషారు వచ్చింది. ఎర్ర ఫోర్కు ఎవరికీ ఇవ్వకుండా నేనే పట్టుకున్నాను. అంతలో వంటింట్లో కుక్కర్ కూత వేసింది. పోయి చూస్తే చిన్నమ్మ, గోడకు భుజం ఆనించి నిలబడి, పచ్చిపులుసులోకి ఉల్లిపాయ తరుగుతోంది. ఇంత చీజు తిన్నాక అన్నం ఎవరు తింటారు చిన్నమ్మా అని కసిరాను. కత్తి ఆపలేదు. "ఎవలన్న అడిగితె?" అంది.

ఎవరూ అడగలేదు. పిల్లలు కడుపులు పట్టుకుని సోఫాల్లో కూలబడ్డారు, ఫోన్లు తీశారు. చిన్నమ్మ గడపలో కూర్చుని వాళ్ళను చూసి నవ్వుతోంది. నేను చేతులు కడుక్కుని, కంచం తీసుకుని, ఆమె ముందు నేల మీద కూర్చున్నాను.

"చిన్నమ్మా, ఇంట్ల బువ్వ లేదా?" అని అడిగాను.